గెడ్డ నీళ్లలో 38 శాతం మురుగు: ఆ శాతం దేనిలో శాతం?

ఇంకొకరు చదివినా అర్థమయ్యేలా మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. విశాఖలో ఇళ్ల మధ్య నుంచి వచ్చి బీచ్ దగ్గర సముద్రంలో కలిసే ఒక గెడ్డ (వాగు) మీద మీరు పీహెచ్‌డీ చేస్తున్నారు. మల కాలుష్యానికి గుర్తయిన ఫీకల్ కోలిఫాం బ్యాక్టీరియా ఎంపీఎన్ (గొట్టాల పరీక్షతో కట్టే సంఖ్య అంచనా, 100 మిల్లీలీటర్లకు) చాలా శాంపిళ్లలో ‘1600 కంటే ఎక్కువ’ అని వచ్చింది. మనుషుల మలాన్ని పట్టిచ్చే హెచ్‌ఎఫ్183 మార్కర్ కొన్నిటిలో పాజిటివ్. ఏయే బ్యాక్టీరియా ఉన్నాయో డీఎన్ఏతో చూసే 16ఎస్ సీక్వెన్సింగ్ చేయించి, మూలాల వాటా అంచనా వేసే సోర్స్‌ట్రాకర్ సాఫ్ట్‌వేర్‌లో పెడితే మురుగు 38, పశువులు 9, ‘తెలియని మూలం’ 53 శాతం అని చూపించింది. ‘కాలుష్యంలో 38 శాతం మురుగుదే’ అని రాసేయొచ్చా, తెలియనిది సగం పైన ఉంటే కమిటీ ఒప్పుకుంటుందా అన్నది మీ టెన్షన్. లైబ్రరీ పద్ధతి, అంటే యాంటీబయాటిక్ డిస్కులతో చేసేది, కూడా కలపమని మీ గైడ్ అంటున్నారట.

మొదటి దానికి జవాబు: రాయకూడదు. రెండో దానికి: ఒప్పుకుంటుంది, ఒప్పుకోవాలి కూడా. ఆ 53 శాతం మీ పనిలో లోపం కాదు. అది లేకపోతేనే నేను అనుమానించేవాణ్ణి.

సోర్స్‌ట్రాకర్ చేసే పని ఏమిటో చూడండి. 2011లో వచ్చిన ఈ పద్ధతి మీ గెడ్డ శాంపిల్‌లోని ఒక్కొక్క సీక్వెన్స్‌ని తీసుకుని, మీరు ఇచ్చిన మూలాల్లో ఏ దాని నుంచి వచ్చి ఉండవచ్చో సంభావ్యత లెక్కన కేటాయిస్తుంది. అన్నిటికీ ఒకసారి కేటాయించాక, ఆ కేటాయింపును బట్టి మళ్లీ ఒక్కొక్కటీ తీసి వేస్తుంది. ఇలా తిప్పి తిప్పి వేయడమే గిబ్స్ శాంప్లింగ్. ఏ మూలానికీ సరిపడనివి ‘తెలియని మూలం’ బుట్టలోకి పోతాయి. 2019లో వచ్చిన ఫీస్ట్ ఇదే ప్రశ్నకు వేరే లెక్కతో, చాలా వేగంగా జవాబిస్తుంది. రెంటిలో ఏది వాడినా వచ్చే శాతం ‘శాంపిల్‌లోని మొత్తం బ్యాక్టీరియా సీక్వెన్సుల్లో’ శాతం. మలంలో కాదు, పేగుల బ్యాక్టీరియా అయిన ఈ. కొలైలో కాదు, జబ్బు చేసే అవకాశంలో అసలే కాదు. గెడ్డలో మట్టి బ్యాక్టీరియా, నాచుతో బతికేవి, ఉప్పునీటివి ఎప్పుడూ ఉంటాయి. వాటికి మీరు మూలం ఇవ్వలేదు కాబట్టి తెలియనిది పెరుగుతుంది. పశువుల వాటా 9 శాతమే కదా అని తేలిగ్గా తీసుకోవడానికీ ఇదే కారణంగా వీల్లేదు.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. మీరు ‘మురుగు’ అని ఇచ్చిన శాంపిల్‌లో ఉన్నదంతా మనిషి కడుపులోది కాదు. అమెరికాలో 71 నగరాల మురుగును చూసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, మనిషి మలానికి చెందిన సీక్వెన్సులు సగటున 15 శాతం మాత్రమే. మిగతావి పైపుల్లో, బురదలో పెరిగే బ్యాక్టీరియా: అసినెటోబ్యాక్టర్, ఆర్కోబ్యాక్టర్, ఏరోమోనాస్ లాంటివి. కాబట్టి ఎస్‌టీపీ (మురుగు శుద్ధి కేంద్రం)లోకి వచ్చే నీళ్లను మాత్రమే మురుగు అని చూపించి ఉంటే, మీ 38 శాతంలో పెద్ద భాగం ‘కాలువ వాసన’ అనుకోండి. మన ఊళ్లో పరిస్థితి ఇంకా కలగాపులగం. యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) కనెక్షన్ ఉన్న ఇళ్లూ, సెప్టిక్ ట్యాంకు పొంగి పక్క కాలువలోకి పోయే ఇళ్లూ ఒకే గెడ్డ ఒడ్డున ఉంటాయి. సెప్టిక్ ట్యాంకు నీళ్లకూ, పైపులో పారే మురుగుకూ బ్యాక్టీరియా వరస ఒకటి కాదు. వీటిని రెండు వేర్వేరు మూలాలుగా ఇచ్చి చూడండి. రెండూ ఒకదానికొకటి మారిపోతూ వస్తే, అంటే ఒక రన్‌లో సెప్టిక్ 30, ఇంకో రన్‌లో 5 అని ఊగితే, ఆ రెంటినీ విడదీసే శక్తి మీ డేటాకు లేదని అర్థం. అప్పుడు కలిపేయండి. ఆవు, గేదె విషయంలోనూ దాదాపు ఇదే జరుగుతుంది. వాటిని విడదీయడానికి తంటాలు పడకండి.

మూలాల జాబితాలో మీరు వదిలేసినవి నాకు కనిపిస్తున్నవి మూడు. మొదటిది కుక్కలు. బీచ్ రోడ్డు మీద ఎన్ని తిరుగుతాయో మీకు చెప్పక్కర్లేదు. రెండోది పందులు, గెడ్డ పై భాగంలో. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ఇసుక, గెడ్డ ఒడ్డు మట్టి. వేడి ప్రాంతాల్లో తడి మట్టిలో, ఇసుకలో ఈ. కొలై నెలల తరబడి బతుకుతుంది, అవకాశం దొరికితే పెరుగుతుంది కూడా. హవాయి నేలల్లో, నదుల్లో దీన్ని చాలాకాలంగా గమనిస్తున్నారు. అంటే వాన పడగానే మీ శాంపిల్‌లో ఈ. కొలై ఒక్కసారిగా ఎగిసిందంటే, అది ఆ రోజు కొత్తగా వచ్చిన మలమే కానక్కర్లేదు, ఒడ్డు కోసుకుపోయి కలిసిన పాత సరుకు కావచ్చు. ఇసుకను మూలంగా ఇవ్వకపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని దగ్గరగా కనిపించే మురుగు ఖాతాలో వేసే ప్రమాదం ఉంది. కంబాలకొండ అడవి వైపు నుంచి ఇళ్లలోకి దిగకముందు పారే నీళ్లు కొన్ని తీసుకుంటే ‘మనుషులు లేని నీళ్లు ఎలా ఉంటాయి’ అన్నదానికి కూడా ఒక ఆధారం దొరుకుతుంది.

ఇవన్నీ చేర్చాక ఒక పరీక్ష తప్పనిసరి. తెలిసిన మూలం శాంపిల్ ఒకటి తీసి పక్కన పెట్టి, దాన్నే ‘తెలియని గెడ్డ నీళ్లు’ అన్నట్టు సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వండి. ఆవు పేడ శాంపిల్‌ని చూసి ‘పశువులు 60, తెలియదు 35’ అంటే, గెడ్డ గురించి అది చెప్పే ప్రతి అంకెనూ ఆ చూపుతోనే చదవాలి. ప్రతి మూలానికీ ఇలా చేసి ఒక పట్టికగా థీసిస్‌లో పెట్టండి. కమిటీలో లెక్కలు తెలిసినవాళ్లు ముందు వెతికేది దాన్నే. వాటాలు చూపే గుండ్రటి పై (pie) చార్టును తర్వాత చూస్తారు.

సోర్స్‌ట్రాకర్ ఇచ్చే స్టాండర్డ్ డీవియేషన్‌ని ఎర్రర్ బార్‌గా గీసేస్తున్నారు చాలామంది. అది గిబ్స్ డ్రాల మధ్య తేడా మాత్రమే. వేరే ఆవు, వేరే సెప్టిక్ ట్యాంకు ఎంచుకుని ఉంటే అంకె ఎంత మారేదో అందులో లేదు. మూలం శాంపిళ్లను మళ్లీ మళ్లీ యాదృచ్ఛికంగా ఎంచుకుంటూ మొత్తం లెక్కను మళ్లీ మొదటి నుంచి చేయండి. ఈ బూట్‌స్ట్రాప్‌లో వచ్చే వెడల్పే నిజమైన అనిశ్చితికి దగ్గర. అది చూశాక 38 కాస్తా ‘15 నుంచి 55 మధ్య’ అయినా ఆశ్చర్యపోకండి.

ఇక హెచ్‌ఎఫ్183. నా ఉద్దేశంలో మీ చేతిలో ఉన్న అన్నిటికన్నా మంచి సాక్ష్యం ఇదే, కానీ దీన్ని మీరు తక్కువ వాడుకున్నారు. ఇది మనిషి పేగుల్లో ఉండే బ్యాక్టీరాయిడ్స్ జన్యువులో ఒక ముక్క. 2000 ప్రాంతంలో అమెరికాలో తయారైంది. కుక్కల్లో, కోళ్లలో అప్పుడప్పుడు ఇది పాజిటివ్ వచ్చిన దాఖలాలు ఉన్నాయి. అక్కడ పనిచేసింది కాబట్టి ఇక్కడా పనిచేస్తుందని అనుకోకూడదు. ఒడిశాలో ఇలాంటి మార్కర్లను మన పశువుల మీద, మన మనుషుల మీద పరీక్షించి 2015లో ప్రచురించారు. ముందు అది చదవండి. తర్వాత విశాఖలో మీరే చేయండి: కుక్కలు, ఆవులు, గేదెలు, పందులు, కోళ్లు, వీటి నుంచి విడివిడిగా శాంపిళ్లు.

ఎన్ని కావాలి? 20 పశువుల శాంపిళ్లు పరీక్షించి ఒక్కటి కూడా పాజిటివ్ రాలేదనుకుందాం. స్పెసిఫిసిటీ (మనిషి మలం లేనప్పుడు నెగటివ్ అని సరిగ్గా చెప్పే శాతం) 100 అని రాయాలనిపిస్తుంది. కానీ అసలు తప్పుడు పాజిటివ్ రేటు 14 శాతం దాకా ఉన్నా, 20లో సున్నా రావడానికి 5 శాతం అవకాశం ఉంది. 60 పరీక్షించి సున్నా వస్తే ఆ పై హద్దు 5 శాతానికి దిగుతుంది. సీక్వెన్సింగ్ మీద ఇంకో విడత డబ్బు పెట్టే బదులు ఈ పని మీద పెట్టండని నా గట్టి సలహా.

ఆ అంకెలు ఎందుకు కావాలంటే, పాజిటివ్ అంటే ఏమిటో బేయిస్ సూత్రం (ముందు అంచనాను టెస్టు ఫలితంతో సరిదిద్దేది) చెప్పాలి కాబట్టి. లెక్క కోసం సెన్సిటివిటీ (మనిషి మలం ఉన్నప్పుడు పాజిటివ్ అని చెప్పే శాతం) 90 శాతం, స్పెసిఫిసిటీ 85 శాతం అనుకుందాం. ఆ చోట మనుషుల మలం కలిసే అవకాశం ముందుగా మీ అంచనాలో 10 శాతమే అయితే, పాజిటివ్ వచ్చాక అది 40 శాతం అవుతుంది. ముందు అంచనా 60 శాతం ఉన్న చోట అదే పాజిటివ్ 90 శాతం నమ్మకాన్ని ఇస్తుంది. టెస్టు ఒకటే, ఫలితం ఒకటే, అర్థం వేరు. కంబాలకొండ వైపు వచ్చిన పాజిటివ్‌నీ, ఇళ్లు కిక్కిరిసిన జాలరిపేట దగ్గర వచ్చిన పాజిటివ్‌నీ ఒకే గాటన కట్టకూడదు. ముందు అంచనా ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతారు. గెడ్డ వెంట నడిచి, ఏ పైపు ఎక్కడ కలుస్తుందో, ఏ ఇంటికి సెప్టిక్ ట్యాంకు ఎటు తెరిచి ఉందో రాసుకోవడం నుంచి వస్తుంది. ఏసీ గదిలో కూర్చుంటే రాదు.

నెగటివ్ వచ్చిన శాంపిళ్లను కూడా ఒకసారి అనుమానించండి. గెడ్డ నీళ్లలో ఆకుల రసాలు, బురద పీసీఆర్‌ని, అంటే మార్కర్ డీఎన్ఏను పెంచి చూసే పరీక్షను, అడ్డుకుంటాయి. తెలిసిన డీఎన్ఏ కొంచెం కలిపి అది సరిగా తిరిగి వస్తోందో లేదో చూడకుండా ‘మార్కర్ లేదు’ అనడానికి లేదు.

ఎంపీఎన్ గురించి. ‘1600 కంటే ఎక్కువ’ని 1600 అని టైపు చేసి సగటు కట్టారని మీ పట్టిక చూస్తే అనిపిస్తోంది. అలా చేయడం మానేయండి. ఐదేసి గొట్టాలతో 10, 1, 0.1 మిల్లీలీటర్లు పెట్టే పద్ధతిలో అన్ని గొట్టాలూ పాజిటివ్ అయితే వచ్చేది అంకె కాదు, ‘ఇంతకు మించి’ అన్న సమాచారం. గెడ్డ నీళ్లకు వెయ్యో వంతు నుంచి డైల్యూషన్ మొదలుపెట్టి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఇప్పుడు చేతిలో ఉన్న డేటాతో టోబిట్ లాంటి సెన్సార్డ్ రిగ్రెషన్ వాడండి. అందులో 1600 దాటినవి ‘ఇక్కడి నుంచి పైకి’ అనీ, ఏమీ రానివి ‘1.8 కంటే కింద’ అనీ వాటి వాటి రూపంలోనే లెక్కలోకి పోతాయి. ఏమీ రాని చోట కింది హద్దులో సగం అంకె వేసి నింపే అలవాటు కూడా మానండి. అది రెండు చోట్ల మధ్య లేని తేడాను పుట్టిస్తుంది, ఉన్న తేడాను మింగేస్తుంది.

ఎంపీఎన్ అంకెకే ఎంత వెడల్పు ఉందో కూడా గుర్తుంచుకోండి. పది మిల్లీలీటర్ల గొట్టాలు ఐదూ పాజిటివ్, మిగతావన్నీ నెగటివ్ అయితే పట్టికలో 23 ఉంటుంది. దాని 95 శాతం హద్దులు దాదాపు 7 నుంచి 70. పది రెట్లు. కాబట్టి పై చోట 23, కింది చోట 49 వచ్చిందని ‘రెట్టింపు అయింది’ అని రాయడం వ్యర్థం.

ప్రమాణాల దగ్గర కూడా ఒక పొరపాటు కనిపించింది. మీరు పోల్చిన 500, 2500 నదుల్లో స్నానానికి సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) పెట్టినవి. సముద్రతీరంలో స్నానానికి సముద్రపు నీటి ప్రమాణాల్లోని ఎస్‌డబ్ల్యూ-2 తరగతి చూడాలి, అక్కడ ఫీకల్ కోలిఫాం 100 మిల్లీలీటర్లకు 100. రుషికొండ బీచ్‌కు 2020లో వచ్చిన బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) లెక్క ఇంకో రకం: ఈ. కొలై 250, ఎంటరోకాకై అనే ఇంకో పేగు బ్యాక్టీరియా 100, అదీ సగటు మీద కాదు, 95వ పర్సంటైల్ మీద. లాగ్ సగటుకు 1.65 రెట్లు స్టాండర్డ్ డీవియేషన్ కలిపి దాన్ని అంచనా కడతారు. అంటే అప్పుడప్పుడు మాత్రమే పాడయ్యే బీచ్ కూడా ఈ లెక్కలో ఫెయిల్ కావచ్చు. 1600 దగ్గర గోడ కట్టిన డేటాతో ఈ పర్సంటైల్ లెక్కేస్తే వచ్చేదానికి అర్థం లేదు.

మీ గైడ్ చెప్పిన లైబ్రరీ పద్ధతి గురించి నాకు అంత ఉత్సాహం లేదు, కానీ కొట్టిపారేయను. ఖర్చు తక్కువ, డిస్కులు ప్రతి ల్యాబులో ఉంటాయి. తెలిసిన మూలాల నుంచి ఈ. కొలై లేదా స్ట్రెప్టోకాకై తీసి, ఏ యాంటీబయాటిక్‌కి ఎంత తట్టుకుంటుందో చూసి, డిస్క్రిమినెంట్ అనాలిసిస్‌తో మూలాలను విడదీయడం 1996 నుంచి అమెరికాలో బాగా వాడారు. ఇందులో మోసపోయేది రెండు చోట్ల. ఒకే ఆవు పేడ నుంచి పది ఐసొలేట్లు (విడిగా పెంచిన బ్యాక్టీరియా) తీస్తే అవి దాదాపు ఒకే తల్లి పిల్లలు. వాటిలో ఒకదాన్ని దాచి మిగతా తొమ్మిదితో గుర్తుపట్టమంటే ఎవరైనా గుర్తుపడతారు. కాబట్టి దాచేటప్పుడు ఆవును మొత్తంగా దాచాలి, ఐసొలేట్‌ని కాదు. అలా చేస్తే 85 శాతం సరైన వర్గీకరణ చాలాసార్లు 60కి పడిపోతుంది. ఆ 60 నిజం.

రెండోది ఇంకా ముఖ్యం. తప్పు వర్గీకరణను సరిచేయకుండా గెడ్డ ఐసొలేట్ల శాతం చెప్పకూడదు. మనుషుల ఐసొలేట్లలో 80 శాతాన్ని మనుషులవే అని, పశువుల వాటిలో 30 శాతాన్ని పొరపాటున మనుషులవి అని మీ పద్ధతి చెప్తుందనుకుందాం. గెడ్డలో సగం ‘మనుషులవి’ అని వస్తే అసలు వాటా ఎంత? 0.5 = 0.8×వాటా + 0.3×(1 − వాటా). లెక్కేస్తే 40 శాతం. అదే గెడ్డలో 30 శాతం ‘మనుషులవి’ అని వస్తే? సున్నా. ఒక్క మనిషి ఐసొలేట్ లేకపోయినా ఆ 30 శాతం వస్తుంది. నేను చూసిన థీసిస్‌లలో ఈ దిద్దుబాటు చేసినవి చాలా తక్కువ. రెండుకు మించి వర్గాలున్నప్పుడు ఇదే పనిని మ్యాట్రిక్స్‌తో చేయాలి. పైగా ఆసుపత్రుల నీళ్లు, కోళ్ల ఫారాలు, రొయ్యల చెరువుల మందులు కలగలిసిన చోట ‘మనిషి రకం’ రెసిస్టెన్స్, ‘పశువు రకం’ రెసిస్టెన్స్ అన్న గీత కూడా చెరిగిపోతుంది.

ఫీకల్ కోలిఫాంకీ ఫీకల్ స్ట్రెప్టోకాకైకీ నిష్పత్తి వేసి, 4 దాటితే మనుషులు, 0.7కు తగ్గితే పశువులు అన్న సూత్రం మీ రెండో అధ్యాయంలో ఉంది. 1969 నాటిది. తీసేయండి. ఈ రెండు బ్యాక్టీరియాలు ఒకే వేగంతో చావవు, అందులో ఉప్పునీళ్లలో. కాసేపాగి కొలిస్తే నిష్పత్తే మారిపోతుంది. చరిత్రగా ఒక వాక్యం చాలు.

శాంపిళ్లు తీసే పద్ధతి మీద మాత్రం కాస్త ఆగుతాను, ఎందుకంటే పైన చెప్పిన లెక్కలేవీ దీన్ని కాపాడలేవు. మీ శాంపిళ్లన్నీ ఉదయం పదకొండు తర్వాత ఉన్నాయి. తేట సముద్రపు నీటిలో నడి ఎండకు ఈ. కొలై కొన్ని గంటల్లోనే పదో వంతుకు పడిపోవచ్చు. రాత్రి అదే పని చాలా నెమ్మదిగా జరుగుతుంది. మనది తూర్పు తీరం, పొద్దున్నే ఎండ నేరుగా పడుతుంది. గెడ్డ లోపల బురద నీటిలో ఎండ లోతుకు దిగదు, బయట బీచ్‌లో దిగుతుంది. అందువల్ల గెడ్డకూ బీచ్‌కీ మధ్య మీకు కనిపించిన పెద్ద తేడాలో కొంత సూర్యుడిదే. సూర్యోదయానికి ముందు ఒక విడత తీయండి. విశాఖలో రోజుకు రెండు పోట్లు (సముద్రం ఎక్కడం), రెండు పాట్లు (దిగడం). పోటు వేళ గెడ్డ నోట్లో ఉన్నది సముద్రపు నీళ్లే, పాటు వేళే గెడ్డ నిజంగా మాట్లాడుతుంది. తీరం వెంట నీటి ప్రవాహం కూడా ఏడాదిలో దిశ మారుతుంది కాబట్టి, ఒక కాలంలో గెడ్డకు దక్షిణాన తీసిన ‘శుభ్రమైన కంట్రోల్’ ఇంకో కాలంలో కంట్రోల్ కాకుండా పోతుంది.

ఒకే రోజు మూడు చోట్ల తీసిన మూడు శాంపిళ్లు మూడు స్వతంత్ర సాక్ష్యాలు కావు. ఆ రోజు వాన పడితే మూడూ కలిసే పెరుగుతాయి. ఒకే రోజు, ఒకే చోటు శాంపిళ్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ కట్టండి: రోజునీ చోటునీ ర్యాండమ్ ఎఫెక్టులుగా, గత 48 గంటల వాన, పోటు-పాటు, తీసిన గంట ఫిక్స్‌డ్‌గా పెట్టి. ఆర్ (R) సాఫ్ట్‌వేర్‌లో ఇది పెద్ద పని కాదు. మామూలు టీ-టెస్టుతో వచ్చిన మీ చిన్న పీ-విలువలు కొన్ని దీని ముందు నిలవవు. ముందే చెప్తున్నాను, తర్వాత కంగారు పడొద్దు.

థీసిస్‌లో వాక్యం ఎలా ఉండాలంటే, నేనైతే ఇలా రాస్తాను: ‘పాటు వేళల్లో గెడ్డ దిగువ శాంపిళ్లలోని బ్యాక్టీరియా సముదాయంలో 15 నుంచి 55 శాతం స్థానిక మురుగు శాంపిళ్ల సముదాయంతో పోలుతుంది, స్థానికంగా పరీక్షించిన మానవ మార్కర్ అవే చోట్ల పాజిటివ్‌గా ఉండటం దీన్ని బలపరుస్తుంది, పశువుల వాటాను ఈ డేటాతో సున్నా నుంచి వేరు చేయలేము.’ అంకెలు మీవి వేసుకోండి.

చివరగా, నగరపాలక సంస్థవాళ్లకు కూడా పనికొచ్చేలా ఉండాలన్నారు కదా. వాళ్లకు శాతాలు అక్కర్లేదు, ఏ పాయ దగ్గర మొదలుపెట్టాలో కావాలి. దానికి మార్కర్ గాఢత ఒక్కటే చాలదు, ప్రవాహం కూడా కొలవాలి. ఒక సన్న కాలువలో 100 మిల్లీలీటర్లకు లక్ష కాపీలు, సెకనుకు 2 లీటర్లు. పక్క పాయలో పది వేల కాపీలే, కానీ సెకనుకు 40 లీటర్లు. చూడటానికి మొదటిది పది రెట్లు పాడు. గుణిస్తే సెకనుకు మొదటిది 20 లక్షల కాపీలు, రెండోది 40 లక్షలు సముద్రంలోకి తోస్తోంది. వాన లేని మూడు రోజుల తర్వాత, పాటు వేళ, ప్రతి పాయ కలిసే చోటుకు పైనా కిందా ఇలా కొలిచి, పాయల మొత్తం గెడ్డ నోటి దగ్గరి లోడ్‌కి సరిపోతుందో లేదో చూడండి. బాగా తగ్గితే మీ మ్యాపులో లేని పైపు ఎక్కడో ఉంది. ప్రవాహం కొలవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు: చిన్న కాలువకు బకెట్, స్టాప్‌వాచ్, పెద్ద పాయకు తేలే వస్తువు, టేపు, లోతు కొలిచే కర్ర చాలు.